రైతు అడిగే మాటకు మీ పాత పేజీ దొరకాలి

సంపాదకులు గారికి నమస్కారం.

సాగు పేజీలతో సహా పత్రిక పాత సంచికలన్నీ ఆన్‌లైన్‌లో పెడుతున్నామని, వాటిలో వెతుక్కునే సౌకర్యం ఇంకా ప్రయోగ దశలోనే ఉందని, పాఠకులు వాడి చూసి సలహాలు పంపాలని మీ పత్రికలో వేశారు. ముందుగా కృతజ్ఞతలు. ఒక రైతు అడిగిన ప్రశ్నకు శాస్త్రవేత్త ఇచ్చిన జవాబు ఆ రోజు పేపరు కొన్నవాళ్లతో ఆగిపోకూడదు. పదేళ్ల తర్వాత అదే తెగులు వచ్చిన ఇంకో ఊరి రైతుకూ అది పనికొస్తుంది. ఉత్తరం పొడవైంది. విషయం అలాంటిది కాబట్టి పూర్తిగా వేయమని కోరుతున్నాను.

నేను గ్రంథాలయాల్లో కేటలాగు పని చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం వ్యవసాయ పుస్తకాలు, పత్రికలు, పరిశోధన కేంద్రాలు వేసే కరపత్రాల మధ్యే గడిచింది. ఇప్పుడు సాయంత్రం పూట మా ఊరు కదిరిలోని రీడింగ్ రూములో కూర్చుంటాను. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు వస్తారు, రైతులు వస్తారు. పుస్తకానికి నంబరు వేయడం, కార్డు రాయడం నేర్చుకుంటే వచ్చేస్తాయి. ఈ రాత దేని గురించి, దీన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఏ మాటతో వస్తారు అన్నది తేల్చుకోవడమే మా పనిలో అసలు కష్టం. మీరు ఇప్పుడు సరిగ్గా ఆ మలుపులోనే ఉన్నారు. సెర్చ్ డబ్బా ఎలా ఉండాలి, ఏ రంగులో ఉండాలి అనేవి తర్వాత. ఏ వ్యాసం ఏ మాటకు దొరకాలో ముందు తేల్చండి. ఆ మాటలు శాస్త్రవేత్తలు రాసేవే అయితే చాలవు. రైతుల నోట వచ్చేవి కూడా అక్కడ ఉండాలి.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, వాడి చూశాం కాబట్టి.

మా పక్క ఊరి రైతు ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో నాలుగు ఆకులు. ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు, మచ్చ చుట్టూ పసుపు వలయం. "రెండేండ్ల కిందట పేపర్లో పడిందమ్మా, నేనే చదివినా. ఏం మందు చెప్పినారో గుర్తు లేదు" అన్నాడు. పిల్లవాడు ఫోన్ తీసి 'చెనిక్కాయ మచ్చ తెగులు' అని కొట్టాడు. ఏమీ రాలేదు. 'శనక్కాయ' అని కొడితే మహిళల పేజీలోని పచ్చడి వచ్చింది. నేను 'వేరుశనగ' అన్నాను. మార్కెట్ ధరలు, నూనె ధరలు, ఏ మండలంలో ఎన్ని ఎకరాల్లో విత్తారనే వార్తలు వరదలా వచ్చిపడ్డాయి. వాటి మధ్య మచ్చల సంగతి ఎక్కడుందో పట్టుకోవాలంటే ఆ పొద్దు చాలదు. 'తిక్క తెగులు' అని చేర్చితే వేరే జిల్లా వార్త ఒకటి వచ్చింది. ఆయన చదివిన వ్యాసం చివరికి 'వేరుసెనగ', 'టిక్కా' అనే మాటలకు దొరికింది. రాసిన శాస్త్రవేత్త పంట పేరులో 'సె' అని, తెగులు పేరులో 'ట' అని రాశారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ రెండక్షరాలు తెలియని మనిషికి ఆ వ్యాసం లేనట్టే లెక్క.

వ్యాసం మాత్రం ఎంత బాగుందో! ఆకుమచ్చ రెండు రకాలుగా వస్తుందని, ముందు వచ్చేది ఆకు పైభాగాన పసుపు వలయంతో గోధుమ రంగులో ఉంటుందని, ఆలస్యంగా వచ్చేది ఆకు అడుగున నల్లగా, గరుకుగా ఉంటుందని బొమ్మలు వేసి మరీ చెప్పారు. ఆ రైతు ఆకు తిరగేసి చూసుకుని "ఇది ముందు వచ్చేదే" అన్నాడు. ఆయనకు కావలసిందంతా మీ దగ్గర ఉంది. మధ్యలో దారి లేకపోవడమే ఇబ్బంది.

ఆ సాయంత్రం అక్కడే ఉన్న ఇంజినీరింగ్ అబ్బాయి ఒక ప్రశ్న వేశాడు. "ఎందుకు మేడమ్ ఇంత టెన్షన్? కంప్యూటర్ వ్యాసంలోని ప్రతి మాటనూ వెతుకుతుంది కదా. ఈ సబ్జెక్ట్ హెడింగులు, పదాల జాబితాలు పాత కాలం సంగతులు." మీ సాంకేతిక విభాగం వాళ్లు కూడా ఇదే అనుకుంటూ ఉండవచ్చు. న్యాయమైన మాటే. దానికి బలం కూడా ఉంది. ఇంగ్లండ్‌లో క్రాన్‌ఫీల్డ్ విమాన శాస్త్ర కళాశాల లైబ్రేరియన్ సిరిల్ క్లెవర్‌డన్ 1960లలో పెద్ద పరీక్షలు చేశారు. రెండో పరీక్షలో 1400 పరిశోధన పత్రాలను 33 రకాల పద పద్ధతులతో ఇండెక్స్ చేసి, ఏ పద్ధతిలో కావలసిన పత్రాలు బాగా దొరుకుతున్నాయో పోల్చారు. ఏ విషయానికి ఏ మాట వాడాలో ముందే ఎంచి శ్రద్ధగా కట్టిన పదకోశాలన్నిటినీ వెనక్కి నెట్టి, పత్రాల్లో ఉన్న మాటలను విడివిడిగా తీసుకున్న పద్ధతి ముందు నిలిచింది. ఆ ఫలితం క్లెవర్‌డన్‌కే నమ్మశక్యంగా అనిపించలేదు. మా వృత్తిలోని వాళ్లు చాలాకాలం దానితో గొడవపడ్డారు.

నేను ఆ ఫలితాన్ని కాదనను. కానీ అక్కడ ప్రశ్నలు ఇచ్చింది ఎవరు? అలాంటి పత్రాలు రాసిన పరిశోధకులే. రాసేవాళ్లదీ వెతికేవాళ్లదీ ఒకే పలుకు. మీ సాగు పేజీ సంగతి అలా కాదు. రాసేది విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త, దిద్దేది డెస్కులో సబ్ ఎడిటర్, వెతికేది కదిరి, ఆదోని, నారాయణపేట, తణుకు రైతులు. రాసినవాళ్ల మాట వెతికేవాళ్లకు తెలిసే ఉంటుందన్న భరోసా లేదు.

అమెరికాలో 1987లో నలుగురు పరిశోధకులు కలిసి ఒక అధ్యయనం వెలువరించారు. ఒకే వస్తువుకు లేదా పనికి ఇద్దరు మనుషులు ఒకే పేరు చెప్పే సందర్భాలు నూటికి 20 కన్నా తక్కువని అందులో తేలింది. నిపుణులు కూర్చుని ఒక మంచి పేరు ఎంపిక చేసినా, కొత్తగా వచ్చిన మనిషి ఎక్కువసార్లు వేరే పేరుతోనే వెతుకుతాడు. వాళ్లు చెప్పిన విరుగుడు కూడా అంతే సూటిగా ఉంది. ఒక్కొక్క వస్తువుకు మనుషులు వాడే పేర్లు ఎన్ని ఉంటే అన్నిటినీ చేర్చండి, ఏ పేరుతో వచ్చినా అక్కడికే తీసుకెళ్లండి అన్నారు. ఒకే భాష, ఒకే రకం చదువు ఉన్నవాళ్ల మధ్యే అంత తేడా ఉంటే మన జిల్లాల మధ్య ఎంత ఉండాలి!

తెలుగుకు ఉన్న మరికొన్ని చిక్కులూ చెప్పాలి. మన పాత పేజీలు చాలావరకు 'అను' అనే పాత డీటీపీ ఫాంట్ల కాలం నాటివి. తెర మీద అక్షరం బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం కంప్యూటర్లన్నీ గుర్తుపట్టే యూనికోడ్ తెలుగు ఉండదు. స్కాన్ చేసిన పేజీల నుంచి అక్షరాలు తీసే సాఫ్ట్‌వేర్ ప, స, వ లను ఒకదానికొకటి మార్చేస్తుంది. ఇక విభక్తులు మాటకే అతుక్కుంటాయి. వేరుశనగకు, వేరుశనగలో, వేరుశనగను అన్నవి యంత్రానికి మూడు వేరు వేరు మాటలు, నేర్పితే తప్ప. అందుకే వ్యాసంలో ఉన్న మాటల మీదే భారం వేయవద్దంటున్నాను. ఆ వెతుకులాట ఉండనివ్వండి, తీసేయమనడం లేదు. దాని పక్కన మనుషులు ఎంచి పెట్టిన మాటలు కూడా ఉండాలి.

ఆ మాటలు ఎంచడం ఎలాగ?

మా కేటలాగులో ఒక పద్ధతి ఉండేది. ఒక విషయానికి ఒక్కటే అసలు శీర్షిక. మిగిలిన పేర్లన్నిటికీ విడిగా కార్డులు. వాటి మీద పుస్తకం వివరాలేమీ ఉండవు. 'బుడ్డలు - వేరుశనగ చూడండి', 'పల్లి - వేరుశనగ చూడండి', అంతే. చదువు రాని రైతు వచ్చి నోటితో అడిగినా, అటెండరు ఆ డ్రాయరు లాగి సరైన చోటికి చేరుకునేవాడు. మా వైపు శనక్కాయ, చెనిక్కాయ అంటారు. కర్నూలు వైపు బుడ్డలు. తెలంగాణలో పల్లి. వ్యవసాయ శాఖ కాగితాల్లో వేరుశనగ, అందులోనూ వేరుశెనగ, వేరుసెనగ. ఇంగ్లిషు మాటతో వెతికే పిల్లలు గ్రౌండ్‌నట్ అని కొడతారు. వీటిలో అసలు శీర్షికగా ఏది పెట్టాలంటే నేను వేరుశనగ అనే అంటాను. రెండు రాష్ట్రాల్లోనూ అచ్చులో అది కనిపిస్తుంది, అందరికీ అర్థమవుతుంది. కానీ ఆ ఎంపిక వల్ల మిగిలిన మాటలు చిన్నబోకూడదు. వాటితో వచ్చినవాళ్లకు 'ఫలితాలు లేవు' అనే జవాబు ఎదురుకాకూడదు.

అసలు శీర్షిక ఏదనేది ఎవరి కోసం పెడుతున్నామో దాన్ని బట్టి ఉంటుంది. ఇదే పంటకు అమెరికా వాళ్ల లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పెట్టుకున్న శీర్షిక పీనట్స్. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వాళ్ల ఆగ్రోవాక్ పదకోశం గ్రౌండ్‌నట్స్ అంటుంది. ఎవరి పాఠకులు వాళ్లకు ఉన్నారు. వైద్యం వాళ్ల సంగతీ చూడండి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1960 నుంచి నడుపుతున్న మెష్ అనే శీర్షికల జాబితాలో గుండెపోటుకు అసలు శీర్షిక మయోకార్డియల్ ఇన్‌ఫార్‌క్షన్. డాక్టర్ల కోసం చేసింది కాబట్టి ఆ పేరు. అయినా 'హార్ట్ ఎటాక్' అని కొట్టినవాళ్లను ఖాళీ చేతులతో పంపదు, అక్కడికే తీసుకెళుతుంది. మీ పేజీ రైతుల కోసం. కాబట్టి తెగుళ్లు, పురుగుల శీర్షికలు తెలుగు పేర్లతో ఉండాలి. శాస్త్రీయ నామం, ఇంగ్లిషు పేరు వాటికి దారులుగా ఉండాలి. వరికి వచ్చే ఒక రోగాన్ని పురుగుమందుల షాపులో కుర్రవాళ్లు బ్లాస్ట్ అంటారు, రైతు అగ్గి తెగులు అంటాడు. అదే రోగం వెన్ను మెడ దగ్గర సోకితే మెడవిరుపు అంటాడు. ఆ మూడు మాటలూ ఒకేచోట కలవాలి.

ఆగ్రోవాక్‌ను ఊరికే ప్రస్తావించలేదు. 1980ల మొదట్లో మొదలైన ఆ పదకోశం ఇప్పుడు 40కి పైగా భాషల్లో ఉంది. వాటిలో తెలుగు ఉంది. ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు. ఏ పదం ఏ పదం కిందికి వస్తుంది, దేనికి దేనితో సంబంధం అనే అల్లిక అంతా అందులో సిద్ధంగా ఉంది. మీరు మొదటి నుంచి కట్టనక్కర్లేదు. ఆ చట్రం తీసుకోండి, దానిలో మన జిల్లాల మాటలు నింపండి. పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1972 నుంచి ఉంది. వేరుశనగ, జొన్న, సజ్జ, కంది, శనగల మీదే వాళ్ల పని. కదిరిలో పరిశోధన కేంద్రం ఉంది. అడిగితే తెలిసినవాళ్లు దొరకని చోటు కాదు మనది.

ఇంతవరకు చెప్పింది ఒకే వస్తువుకు చాలా పేర్లు ఉండటం గురించి. దానికి ఎదురు బాధ ఇంకొకటి ఉంది. మీ సెర్చ్‌లో నన్ను ఎక్కువ కష్టపెట్టింది అదే. ఒకే పేరుకు చాలా వస్తువులు!

కదిరి కేంద్రం నుంచి వచ్చిన వేరుశనగ రకాల్లో ఒకదాని పేరు వేమన. మీ సెర్చ్‌లో వేమన అని కొట్టి చూడండి. పద్యాలు, జయంతి సభలు, కటారుపల్లెలో సమాధి దగ్గర ఉత్సవాలు వస్తాయి. విత్తనం కోసం వచ్చిన రైతు పేజీలు తిప్పి తిప్పి వదిలేస్తాడు. కదిరి లేపాక్షి అని ఇంకో రకం, దాన్నే కె-1812 అంటారు. లేపాక్షి అని వెతికితే వీరభద్రస్వామి గుడి, వేలాడే స్తంభం, హస్తకళల ఎంపోరియం, వీటన్నిటి కింద ఎక్కడో విత్తనం. తిరుపతి కేంద్రం వాళ్ల ధరణి రకం పరిస్థితి ఇంకా ఇబ్బంది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైన దగ్గర్నుంచి ఆ పేరుతో భూముల వార్తలు లెక్కలేనన్ని వచ్చాయి. విత్తనం ఆ కుప్ప అడుగున పడిపోయింది.

దీనికి మందు మా వాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. పేరు పక్కన కుండలీకరణాల్లో అది ఏమిటో రాయడం. ధరణి (వేరుశనగ రకం), ధరణి (భూ రికార్డుల పోర్టల్). లేపాక్షి (ఊరు), లేపాక్షి (వేరుశనగ రకం). వెతికే మనిషి మొదటి రెండక్షరాలు కొట్టగానే ఈ జాబితా కనిపించాలి. తనకు కావలసింది తనే ఎంచుకుంటాడు. రకాల పేర్లు రాసే తీరు కూడా ఒకటి చేయాలి. మీ పేజీల్లోనే కె-6, కె6, కదిరి 6, కదిరి-6 అని కనిపించాయి. నాలుగూ ఒకే విత్తనం.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పేర్లు కలపాలన్నాను కదా అని దగ్గరగా వినిపించిన ప్రతి మాటనూ కలిపేస్తే మేలు కన్నా కీడు ఎక్కువ. మా వైపు పంట పోయినప్పుడు రైతు 'పరిహారం' అంటాడు. కరువు మండలాలుగా ప్రకటించాక ప్రభుత్వం ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీకీ అదే మాట, బీమా కింద వచ్చే క్లెయిముకూ అదే మాట. కానీ రెండూ ఒకటి కావు. రెండింటికీ నిబంధనలు వేరు, అడగవలసిన చోటు వేరు, చూపవలసిన కాగితాలు వేరు. పరిహారం అని కొడితే రెండు దారులూ చూపాలి, ఏ దారిలో ఏముందో పక్కన ఒక ముక్క రాయాలి. రెండిటినీ ఒకే శీర్షిక కింద కుక్కేస్తే బీమా గడువు గురించి చదవవలసిన రైతు సబ్సిడీ వార్త చదివి నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోతాడు. మద్దతు ధర, గిట్టుబాటు ధర కూడా అంతే. మద్దతు ధర ప్రభుత్వం ప్రకటించేది. గిట్టుబాటు ధర రైతు అడిగేది. వాటి మధ్య తేడా మీదే ఇన్ని ఉద్యమాలు జరిగాయి. ఇండెక్స్‌లో ఆ తేడాను చెరిపేసే హక్కు మనకు లేదు. 'ఇది కూడా చూడండి' అని ఒకదాని నుంచి ఇంకోదానికి దారి పెడితే సరిపోతుంది.

మీ ప్రయోగ పేజీలో ప్రతి వ్యాసం కిందా ట్యాగులు చూశాను. వ్యవసాయం, రైతు, పంటలు. దాదాపు అన్ని వ్యాసాల కిందా అవే. సాగు పేజీలో వచ్చిన వ్యాసానికి వ్యవసాయం అని ట్యాగు పెట్టడం వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. 1876లోనే చార్లెస్ కటర్ అనే అమెరికా లైబ్రేరియన్ ఈ సంగతి తేల్చి రాశారు. పిల్లి గురించి రాసిన పుస్తకాన్ని పిల్లి అనే శీర్షిక కిందే పెట్టాలి, జంతుశాస్త్రం కిందో పెంపుడు జంతువుల కిందో కాదు అన్నారు. ఆకుమచ్చ తెగులు గురించి రాసింది ఆకుమచ్చ తెగులు కిందే ఉండాలి.

వివరంగా పెట్టడానికి ఏదో ఒక వరుస కావాలంటే అదీ మన దగ్గరే ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా 1924లో చేరిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1933లో కోలన్ వర్గీకరణ అనే పుస్తకాల వర్గీకరణ పద్ధతిని వెలువరించారు. ఒక విషయాన్ని ముఖాలుగా విడదీసి చూడమన్నారు. సాగు పేజీకి దాన్ని నేను ఇలా అన్వయిస్తాను. ఏ పంట, ఆ పంటలో ఏ భాగం, ఏ సమస్య లేదా ఏ పని, ఎక్కడ, ఎప్పుడు. వేరుశనగ, ఆకు, ఆకుమచ్చ తెగులు, కదిరి ప్రాంతం, వానాకాలం. సబ్ ఎడిటర్ వ్యాసం దిద్దేటప్పుడే ఈ గళ్లు నింపవచ్చు. వ్యాసం అప్పటికే చదివి ఉంటారు కాబట్టి పెద్ద పని కాదు. పదేళ్ల తర్వాత ఇంకెవరో కూర్చుని నింపాలంటే మళ్లీ ప్రతి వ్యాసమూ చదవాలి.

ఆ చివరి గడిలో 'ఎప్పుడు' అన్నది చూడటానికి తేలిక, పెట్టబోతే కష్టం. ఆంధ్రలో ప్రభుత్వ కాగితాల్లో ఖరీఫ్, రబీ. తెలంగాణలో వానాకాలం, యాసంగి. గోదావరి జిల్లాల వరి రైతు సార్వా, దాళ్వా అంటాడు. అనంతపురం పల్లెల్లో ముంగారు అంటారు. మీ పాత పేజీల్లో ఇవన్నీ ఉన్నాయి, ఏ జిల్లా ఎడిషన్ నుంచి వచ్చిందాన్ని బట్టి. యాసంగి వరి అని వెతికిన మెదక్ రైతుకు దాళ్వా వరిలో కాండం తొలుచు పురుగు గురించి వచ్చిన మంచి వ్యాసం ఎందుకు దక్కకూడదు? పురుగుకు ఆ తేడా తెలియదు కదా.

'ఎక్కడ' అన్నదానికీ ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కదిరి అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. అంతకు ముందు కదిరి మీద వచ్చిన ప్రతి వార్త పైనా అనంతపురం జిల్లా అనే ఉంటుంది. తెలంగాణలోనూ 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. జిల్లా పేరు ఒక్కటే నమ్ముకుంటే పాతవీ కొత్తవీ ఎప్పటికీ కలవవు. మండలం పేరు కూడా పెట్టండి, ఆ మండలం ఏ కాలంలో ఏ జిల్లాలో ఉందో వెనకాల రాసిపెట్టండి.

పేర్లు మారడంలో మర్యాదకు సంబంధించినవి కూడా ఉంటాయి. పాత పేజీల్లో వికలాంగులు అని రాసేవాళ్లం. తర్వాత దివ్యాంగులు అన్నారు, విభిన్న ప్రతిభావంతులు అన్నారు. పింఛను మీద, పరికరాల మీద వచ్చిన పాత కథనాల్లో పాత మాటే ఉంటుంది. ఇండెక్స్‌లో శీర్షికగా ఏది పెట్టాలో ఆ సంఘాల వాళ్లనే అడగండి. వాళ్లు ఏది గౌరవంగా అనుకుంటే అది పెట్టండి. పాత మాటతో వెతికినా దొరికేలా చూడండి. పాత వ్యాసంలోని అక్షరాన్ని మాత్రం మార్చవద్దు, అది చరిత్ర. ఇలాంటి మార్పు పెద్ద సంస్థలకూ సులువుగా కుదరలేదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 'ఇల్లీగల్ ఏలియన్స్' అనే శీర్షికను మారుస్తామని 2016లో ప్రకటిస్తే వాళ్ల పార్లమెంటులో అభ్యంతరాలు లేచాయి. 2021 నవంబరులో గానీ అది మారలేదు. సూచికలో ఉండే మాటను జనం అంత పట్టించుకుంటారు. పట్టించుకోవాలి కూడా.

ఇదంతా చేయడానికి పెద్ద బృందం, పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఒక మనిషి బాధ్యత తీసుకోవాలి, అది మాత్రం తప్పదు. అందరూ ట్యాగులు పెడతారు, ఎవరూ చూడరు అన్నట్టుంటే ఏడాదిలో మళ్లీ వేరుశనగ, వేరుశెనగ, వేరుసెనగ మూడూ విడివిడిగా తయారవుతాయి. ఒకే వ్యాసానికి ఇద్దరు అనుభవజ్ఞులు శీర్షికలు పెట్టినా ఒకేలా పెట్టరు. నా సర్వీసంతా అది కళ్లారా చూశాను. అందుకే రాసిపెట్టిన జాబితా ఒకటి ఉండాలి. కొత్త మాట చేర్చాలంటే ఆ ఒక్క మనిషి చూసి చేర్చాలి, ఎందుకు చేర్చారో పక్కన రాయాలి.

మాటలు ఎక్కడి నుంచి తేవాలంటారా? మీకు మండల విలేకరులు ఉన్నారు. ఏ విశ్వవిద్యాలయానికీ లేని బలం అది. ఒక్కొక్కరిని తమ మండలంలో పండే పంటలకు, వచ్చే తెగుళ్లకు, వాడే పనిముట్లకు, కార్తెలకు జనం వాడే మాటలు రాసి పంపమనండి. గోంగూరను పుంటికూర అనేవాళ్లు, చిలగడదుంపను గెనుసుగడ్డ అనేవాళ్లు, ఉల్లిగడ్డను ఎర్రగడ్డ అనేవాళ్లు అందరూ మీ పాఠకులే. అంతకన్నా మంచి ఆధారం ఇంకొకటి మీ దగ్గరే రోజూ పుడుతోంది. జనం మీ సెర్చ్‌లో కొట్టిన మాటల్లో 'ఫలితాలు లేవు' అని వచ్చిన వాటిని మీ కంప్యూటర్ దాచి ఉంచగలదు. కొట్టినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు వద్దు, మాటలు చాలు. ఆ జాబితా ముందు పెట్టుకుని కూర్చుంటే ఏ మాటకు దారి వేయాలో తెలిసిపోతుంది. మా కాలంలో కౌంటరు దగ్గర నిలబడి అడిగినవాళ్ల మాటలు చిన్న పుస్తకంలో రాసుకునేవాళ్లం. పాఠకుడి సమయం కాపాడు అన్నది రంగనాథన్ గారి గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది. ఆ పుస్తకం పెట్టుకున్నది దాని కోసమే.

ఆ జాబితాను నెలకోసారి సాగు పేజీలో ఒక మూల వేయండి. ఫలానా మాటలతో వెతికారు, మాకు అర్థం కాలేదు, మీ వైపు వీటికి అర్థమేమిటి అని అడగండి. రైతులు రాస్తారు, నాకు నమ్మకం ఉంది. మా రీడింగ్ రూము నుంచి మేమూ రాస్తాం. వేరుశనగ మీద మా ప్రాంతంలో వినిపించే మాటలు నా పుస్తకంలో ఉన్నవి ఈ ఉత్తరంతో పాటు జతచేస్తున్నాను. పంట పేర్లు, తెగుళ్ల పేర్లు, కాయ ఒలిచే పనికి, కట్టె పీకే పనికి వాడేవి. వాటిలో మీకు పనికొచ్చేవి చేర్చుకోండి. వాటి గురించి అడగవలసింది ఏమైనా ఉంటే మా రీడింగ్ రూముకు మీ విలేకరిని ఏ సాయంత్రమైనా పంపండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశ్రాంత గ్రంథాలయ ఉద్యోగిని,
కదిరి, శ్రీ సత్యసాయి జిల్లా